తోక మాయమైన జెండా

ఝల్లికాపురం కోటకు రెండు ద్వారాలున్నాయి. తూర్పు ద్వారం ఏడు నిలువుల ఎత్తు. గడపకు వెండి రేకు, తలుపులకు దంతపు లతలు, లతల మధ్య పగడాల పూలు. దాని ముందు నల్లరాతి పులి ఒకటి నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది. లోపలికి పోదలచినవాడు ఆ నోట్లో చెయ్యి పెట్టి, అది అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అబద్ధమాడితే చెయ్యి పోతుంది. పడమటి ద్వారం వంటశాల వెనుక ఉన్న చిన్న దిడ్డి. ఎంగిలాకుల గంపలు పోయేది అందులోంచే. మంత్రులు, సేనాపతులు, ఆస్థాన కవులు, చివరకు మహారాజు భోగమణి దేవులవారు కూడా ముప్పై ఏళ్లుగా ఆ దిడ్డిలోంచే వంగి రాకపోకలు సాగిస్తున్నారు. అది దగ్గరి దారి అని అందరూ ఒకే కారణం చెబుతారు. తూర్పు ద్వారం మెట్ల మీద మాత్రం మోకాలెత్తు గడ్డి పెరిగింది.

ఆ మధ్యాహ్నం ఆ గడ్డి తొక్కుకుంటూ కొర్లయ్య వచ్చాడు.

అతను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పడవ మీద బతికినవాడు. కానీ ఇవాళ జరీ శాలువా, నుదుట అడ్డబొట్టు, మెడలో రుద్రాక్షలు, చంకలో తాటాకు గ్రంథం. ఒంటికి అంటిన చేపల వాసన తెలియకుండా దోసెడు గంధం పూసుకున్నాడు. దానివల్ల గంధంలో ఊరేసిన చేప వాసన వస్తోంది. ఈ సరంజామా అంతా కీటభట్టు అనే మహాపండితుడిది. రాజుగారి పిలుపు మీద ద్వీపం నుంచి పడవలో బయలుదేరిన ఆ మహానుభావుడు నాలుగు అలలకే లోకం తలకిందులై, కొర్లయ్య గుడిసెలో బోర్లా పడుకుని, "నేల కదలడం ఆగిందా?" అని గంటకోసారి అడుగుతున్నాడు.

రాతి పులి గొంతు సవరించుకుంది. ముప్పై ఏళ్లుగా మాట్లాడే పని పడక దాని గొంతులో పావురాలు గూడు పెట్టాయి.

"చెయ్యి పెట్టు," అంది ఆశగా. కొర్లయ్య పెట్టాడు.

"ఈ శాలువా ఎవరిది?"

"కీటభట్టు గారిది."

పులికి నిరాశ కలిగింది. "ఏం పని మీద వచ్చావు?"

"జంతువుల సంగతి రాజుగారికి చెప్పడానికి."

పులి కళ్లు మెరిశాయి. "అయితే నువ్వు పండితుడివేనా?"

ఔనంటే చెయ్యి పోతుంది. కాదంటే లోపలికి పోయే దారి పోతుంది. లోపల కొలువు నుంచి గావుకేకలు వినిపిస్తున్నాయి. ఆ కేకలు విని అతనికి ప్రాణం లేచొచ్చింది.

"లోపల పందొమ్మిది రోజులుగా అరుచుకుంటున్నవాళ్లు పండితులైతే, నేను కాదు."

రాతి పులి పొట్ట కదిలేలా నవ్వింది. నోట్లోంచి రెండు పావురాలు ఎగిరిపోయాయి. తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి.

కొర్లయ్య రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తాడు. సూర్యుడు గుంకేలోపు లోపల ఒక మనిషిని కొరత వేసి చంపుతారు. ఆ మనిషి అతని భార్య ఎర్రెమ్మ కావచ్చు.

జరిగింది ఇది. రాజవంశ మూలపురుషుడు రాగి రేకు మీద ఒక శాసనం చెక్కించి పోయాడు: 'మా జెండా మీదనున్న జీవిని చంపినవాడు కొరతకు తగును.' మూడు తరాలుగా ఎవరికీ గుర్తులేని ఈ శాసనాన్ని మంత్రవాది ధూమకంఠుడు వెతికి తీసి రాజుకు వినిపించాడు. ధూమకంఠుడికి చావు లేని వరం కావాలి. అందుకు చట్టప్రకారం కొరత పడిన ఏడు తలలు కావాలి. ఆరు దొరికాయి. ఏడోది ఈ సాయంత్రంలోగా దొరకాలి. మంత్రవాదుల్లో చట్టం మీద ఇంత గౌరవమున్నవాళ్లు అరుదు.

పెట్టెలోంచి పాత జెండా తీశారు. చూస్తే అది పురుగులు కొట్టిన జెండా. పచ్చపట్టు మీద రెండు పెద్ద రెక్కలు, తల దగ్గర రెండు కొమ్ముల్లాంటివి మిగిలాయి. కింది భాగంలో అరచేయంత చిల్లు. అక్కడ తోక ఉండి ఉంటే అది టేకు చేప, అంటే తోకకు ముల్లుండే పళ్లెంలాంటి సముద్రపు చేప. లేకపోతే దీపపు పురుగు. తేల్చేలోపే భటులు ఇద్దరిని పట్టుకున్నారు. సంతలో టేకు చేప కోసినందుకు ఎర్రెమ్మను. కోటలో దీపం వెలిగించినందుకు ముసలి దీపాల సోమన్నను. దీపంలో పురుగులు పడి చచ్చాయట. ఇద్దరిలో ఒకరు తప్పకుండా నేరస్తులేననీ, ఎవరన్నది పండితులు తేలుస్తారనీ రాజు తీర్పిచ్చి భోజనానికి లేచాడు.

ఇక కొలువు సంగతి. వెయ్యి స్తంభాలు, ప్రతి స్తంభానికీ ఒక నెమలి, ప్రతి నెమలి కంట్లో ఒక నీలం. పైన చంద్రకాంత శిలల కప్పు. మధ్యలో ముత్యాల కుచ్చులు వేలాడే సింహాసనం, అందులో కునికిపాట్లు పడుతూ మహారాజు. ఇంత వైభవం మధ్య పండితులు రెండు బారులుగా విడిపోయి పిలకలు పట్టుకుని కొట్టుకుంటున్నారు. వీళ్లలో ఒక్కడూ టేకు చేపను చూసినవాడు లేడు. దానికి రెక్కలున్నాయి గనుక చెట్టు కొమ్మల్లో గూడు కడుతుందని ఒకాయన నూట ఎనిమిది పద్యాలు రాశాడు. ఆ గూటిలో గుడ్లెన్ని అన్నదాని మీద ఇప్పుడు తగాదా.

"కీటభట్టు వారు విచ్చేశారు!" అన్నాడు ద్వారపాలకుడు. ఏ ద్వారంలోంచి వచ్చాడో తెలిసి కొలువంతా నోరు మూసుకుంది. ధూమకంఠుడు మాత్రం కనుబొమ్మ ఎగరేశాడు. బొగ్గులాంటి మనిషి, మోకాళ్ల దాకా జడలు, ఎడమచేతిలో పుర్రె కర్ర.

సింహాసనానికి రెండు వైపులా రెండు ఇనుప బోనులు. ఒకదాంట్లో ఎర్రెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కొర్లయ్యను చూడగానే పోల్చుకుంది. పెదాలు బిగబట్టింది గానీ కళ్లు నవ్వుతున్నాయి. ఇంకో బోనులో సోమన్న గోడకు చేరగిలి కూర్చున్నాడు.

"భట్టుగారూ," అన్నాడు రాజు ఆవలిస్తూ, "టేకు చేప అంటే ఏమిటి, దీపపు పురుగు అంటే ఏమిటి, త్వరగా తేల్చండి. రెండింటికీ రెక్కలున్నాయి కదా, రెండూ ఒకటే ఎందుకు కాకూడదు?"

"మహాప్రభూ, తమకూ తమ సింహాసనానికీ కూడా కాళ్లు కలవు," అన్నాడు కొర్లయ్య.

రాజు కిందికి చూసుకుని, కాళ్లు లెక్కపెట్టుకుని, తల ఊపాడు.

కొర్లయ్య పథకం తేలికే. కీటభట్టు దగ్గర విన్న పురుగు సంగతులు వల్లించాలి. జెండా మీద ఉన్నది దీపపు పురుగు అని చెప్పెయ్యాలి. పెళ్లాం చెయ్యి పట్టుకుని ఇంటికి పోవాలి. సోమన్న ఎవరో అతనికి తెలియదు. తెలుసుకోకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

"దీపపు పురుగుకు రెక్కలు నాలుగు కలవు, ప్రభూ. ముడుచుకు కూర్చుంటే రెండే అనిపించును. వేలితో తాకితే రెక్క మీది పొడి అంటుకొనును. కాళ్లు ఆరు. తల మీద ఈకల వంటి మీసములు. ఆ మీసములతో మగ పురుగు కోసెడు దూరములోని ఆడదాని వాసన పట్టును."

"వీడెవడో మా సేనాపతి లాగున్నాడే," అన్నాడు రాజు. సేనాపతి దగ్గాడు.

"టేకు చేపకు ఉన్నవి రెక్కలే కావు. ఒంటి అంచులే అట్లు సాగినవి. ఒక్క గట్టి ఎముక లేదు, అంతయు మెత్తెముకయే. పురుగు గుడ్లు పెట్టును, టేకు పిల్లలను కనును. పురుగు వెలుగు కనిపించిన చాలు వచ్చి పడును. టేకు వెలుగు చూచిన ఇసుకలో దూరి దాగును. కళ్లు వీపు మీద, నోరు పొట్ట కింద. తాను తినునదేమిటో దానికి ఎన్నడూ కనపడదు."

"మరి ఎలా తింటుంది?"

"తమ కొలువులో విందు ఆరగించువారి వలెనే ప్రభూ. ఎవరిదని అడగదు."

కొలువులో ఎవరూ నవ్వలేదు. బోనులోంచి ఎర్రెమ్మ మాత్రం కిసుక్కుమంది. "పంతులోరు బాగా సెప్పినారు. ఇంటికాడ పెళ్లాం ఏటి సెప్పినా సెవికెక్కదు గావాల, ఇక్కడ మాత్రం పురుగు మీసాలు కూడా లెక్కెట్టీసినారు."

కొర్లయ్య చెవులు ఎర్రబడ్డాయి. పందొమ్మిది రోజుల తరువాత ఆ గొంతు విన్నాడు. దెప్పిపొడుపైనా సరే, అతనికి ఏడుపొచ్చినంత సంతోషమైంది.

"సరే, తేల్చండి," అన్నాడు ధూమకంఠుడు కిటికీలోంచి సూర్యుణ్ణి చూస్తూ. "పురుగా? చేపా?"

"పురుగనే సెప్పీయండి బాబూ."

అన్నది సోమన్న. బోను ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నాకు డెబ్బై దాటినాయి. ఆ అమ్మికి ఇంకా మూడు పదులు లేవు. నాను దీపానికి పలుచటి గుడ్డ కట్టీవోణ్ణి, పురుగులు పడకుండా. నలబై ఏళ్లు కట్టినాను. ఈ జడలోరు మొన్న ఆ గుడ్డ ఇప్పించీసినారు. పోనీండి. పురుగనే సెప్పీయండి."

కొర్లయ్య నోరు తెరిచాడు. పురుగు అన్న మూడక్షరాలు బయటికి రాలేదు. తనకు తెలియకూడదనుకున్న మనిషి ఇప్పుడు తెలిసిపోయాడు. ఎర్రెమ్మ కూడా మొగుడి వైపు చూసి అడ్డంగా తల ఊపింది. అలా చెబితే నీతో ఇంటికి రాను అన్నట్టుంది ఆ చూపు. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది.

"జెండా చూడవలెను," అన్నాడు కొర్లయ్య. "శాసనము మరల చదువుడు."

వెండి పళ్లెంలో జెండా తెచ్చారు. లేఖకుడు రాగి రేకు చదివాడు. "మా జెండా మీదనున్న జీవిని..."

కొర్లయ్య జెండా మడతలు ఒక్కొక్కటే విప్పాడు. వల చిరుగులు వెతికే చెయ్యి అది. చిల్లు అంచు వెంట వేలు పోనిచ్చాడు. ఒక మడత లోపల మెత్తగా ఏదో తగిలింది. అతని మొహం విప్పారింది. ఆ ఆనందంలో పాండిత్యం జారిపోయింది.

"ఇదిగోండి దొరా! జెండా మీదున్న జీవి ఇదిగో!"

బియ్యపు గింజంత తెల్ల పురుగు. తీరిగ్గా పట్టు నములుతోంది.

"శాసనంలో 'ఉన్న జీవి' అని రాసినారు. 'బొమ్మ' అన్న మాట ఏదండీ? బొమ్మకి ప్రాణముంటాదా? జీవి అంటే బతికున్నది. జెండా మీద బతికున్నది ఇదొక్కటే. దీన్ని టేకు కోసిన మనిషీ చంపలేదు, దీపమెట్టిన ముసలోడూ చంపలేదు. ఇద్దరూ నిర్దోషులు."

పండితులు ముందు నవ్వారు. తరువాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడు తరాల శాసనంలో 'బొమ్మ' అనే మాట నిజంగానే లేదు. పందొమ్మిది రోజుల్లో ఒక్కడూ దాన్ని పూర్తిగా చదవలేదు.

రాజుకు ఇదంతా ఎంతో నచ్చింది. ఫలహారం వేళ కూడా అయింది. "భేష్! ఇద్దర్నీ వదిలెయ్యండి. టేకు చేపలను, దీపపు పురుగులను ఎవరైనా ఎంతైనా చంపుకోవచ్చని ఇప్పుడే దండోరా వేయించండి. బెస్తవాడలో పందొమ్మిది రోజులుగా భయంతో ఒక్క టేకూ పట్టలేదట. మా వంటశాలలో కూడా లేదు!"

డప్పుల వాళ్లు దిడ్డిలోంచి పరుగెత్తారు. బోనులు తెరుచుకున్నాయి. ఎర్రెమ్మ నేరుగా మొగుడి దగ్గరికి వచ్చి వాసన చూసింది. "ఏటయ్యా ఈ గందం? నీల్లోసుకోలేదేటి?"

"మూర్ఖుడా!" ధూమకంఠుడి కేక వెయ్యి స్తంభాలకు తగిలి తిరిగొచ్చింది. కళ్ల ముందే ఏడో తల జారిపోతోంది. కోపం పట్టలేక పళ్లెంలోకి చెయ్యి దూర్చి, తెల్ల పురుగును బొటనవేలి కింద పెట్టి నలిపేశాడు.

కొలువంతా ఆ బొటనవేలినే చూసింది.

"శాసనము ప్రకారము..." అని లేఖకుడు మెల్లగా మొదలుపెట్టాడు.

భటులు ఈటెలు ఎత్తారు. ధూమకంఠుడు పుర్రె కర్ర నేలకేసి కొట్టాడు. నల్లటి పొగ లేచింది. ఆ పొగలో అతను ఎర్రెమ్మ కొప్పు పట్టుకుని ఈడ్చుకుంటూ పరుగు తీశాడు. స్తంభాలు దాటి, మెట్లు దాటి, దారి తప్పి తూర్పు ద్వారానికే వచ్చాడు. పొగలో కళ్లు కనబడక, ఎడమచెయ్యి ముందుకు చాచి తడుముకుంటున్నాడు. ఆ చెయ్యి నేరుగా పులి నోట్లోకి పోయింది.

"ఎవరు నువ్వు?" అంది పులి.

"ఈ రాజ్య క్షేమం కోరేవాణ్ణి!" అన్నాడు అలవాటు చొప్పున.

కటుక్కుమంది. ముప్పై ఏళ్ల తరువాత పులికి భోజనం దొరికింది. మణికట్టు దాకా చెయ్యి, చేతిలోని కర్ర, రెండూ పోయాయి. అయినా వాడు ఎర్రెమ్మను వదలలేదు. కుడిచేత్తో ఆవిడను ఎత్తి కోట బురుజు మీదికి దూకాడు. కింద సముద్రం పడమటి ఎండకు రాగిలా మెరుస్తోంది. కొర్లయ్య శాలువా విసిరేసి, రుద్రాక్షలు తెంపుకుని, రాళ్ల సందుల్లో కాళ్లు దూర్చుకుంటూ బురుజు ఎక్కాడు. అరచేతులు, మోకాళ్లు గీరుకుపోయాయి. అతను పైకి చేరేసరికి ఎర్రెమ్మ మంత్రవాది భుజాన్ని కరిచి పట్టుకుని ఉంది.

"టేకు చేప సంగతి నీకు బాగా తెలుసు కదరా పండితా!" అని వికటంగా నవ్వాడు ధూమకంఠుడు. "అయితే పట్టుకో. దాని తోకముల్లు నీ చేత్తో పీకితే మళ్లీ మనిషవుతుంది. ఈ లోపు ఎవడి కత్తి పడితే వాడిదే!" అడగకపోయినా విరుగుడు చెప్పిపోవడం దుర్మార్గులందరికీ ఉన్న జబ్బు.

"కొర్లయ్యా..." అంది ఎర్రెమ్మ. ఈసారి గొంతులో దెప్పు లేదు.

వాడు ఆవిడను గాల్లోకి విసిరాడు. చీర కొంగు విచ్చుకుంది, వెడల్పయింది, నల్లబడింది. రెండు వైపులా అంచులు అలల్లా ఊగాయి. నీళ్లలో పడింది ఒక పెద్ద టేకు చేప. ఒక్కసారి తోక ఆడించి లోపలికి పోయింది. బురుజు మీద మంత్రవాది ఉన్న చోటి నుంచి నల్లని దీపపు పురుగు ఒకటి లేచి, మూడు రెక్కలతో వంకరటింకరగా ఎగిరిపోయింది.

కొర్లయ్య అంత ఎత్తు నుంచి నీళ్లలోకి దూకాడు. మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. అడుగున ఇసుక. ఇసుక మీద టేకులు. పది కాదు, ఇరవై కాదు. పందొమ్మిది రోజులుగా ఎవరూ పట్టక తామరతంపరగా పెరిగిపోయాయి. అన్నీ ఒకే నలుపు, అన్నిటికీ ఒకే తోక. చెయ్యి దగ్గరికి పోగానే అన్నీ ఒక్కసారే చెదిరాయి.

ఊపిరాడక ఒడ్డుకు వచ్చేసరికి సోమన్న రొప్పుతూ నిలబడి ఉన్నాడు. చేతిలో దీపం, దానికి పలుచటి గుడ్డ.

"దీపం ఎత్తి పట్టమంటావేటి బాబూ? ఎలుగు సూసి వొస్తాదేమో అమ్మి."

"పురుగైతే వొచ్చును తాతా," అన్నాడు కొర్లయ్య. "టేకు ఎలుగుకి రాదు. నానే సెప్పినాను గదా, అందరి ముందూ." ఆ మాట అంటూనే ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడే బెస్తవాడ వైపు నుంచి డప్పులు మోగాయి. "టేకు చేపలు ఎవరైనా ఎంతైనా పట్టుకోవచ్చహో!" మాట పూర్తి కాకముందే పడవలు కదిలాయి. ఇరవై, నలభై, అరవై. పందొమ్మిది రోజులు పస్తులున్న మనుషులు. కొర్లయ్య లేచి నడుం లోతు నీళ్లలోకి పరుగెత్తి రెండు చేతులూ ఊపాడు.

"వద్దురా! వలలెయ్యకండ్రా! ఆగండ్రా!"

డప్పుల్లో ఆ గొంతు మునిగిపోయింది. పడవల్లోని వాళ్లు అతన్ని చూసి చేతులు ఊపారు. రాజుగారి ముందు వాదించి తమ కూడు తమకు ఇప్పించిన మనిషి కదా. అందరికన్నా ముందున్న పడవ అతని చిన్ననాటి జతగాడు పోలినాయుడిది. వల బరువుగా లేచింది. అందులో ఏదో పెద్దది, నల్లటిది, తోకతో పడవ అంచును ఫట్టుమని కొట్టింది. పోలినాయుడు కత్తి తీసి, దాన్ని కాలితో తొక్కిపట్టి, ఒడ్డు వైపు తిరిగి సంతోషంగా కేక వేశాడు.

"ఒరే కొర్లయ్యా! నీ పున్నెమేరా ఇది! మొదటి టేకు నీకే కోస్తన్నాను, ఎర్రెమ్మ సేత పులుసెట్టించీ!"